లాగ్ క్యాబిన్ బ్లాక్: సంఘంలో నేర్చుకునే అతుకుల పని

అతుకుల పనిలో బ్లాక్ అంటే చిన్న బట్ట ముక్కలను ఒక లెక్క ప్రకారం కలిపి కుట్టిన చదరం. ఇలాంటి చదరాలను వరసలుగా జోడిస్తే క్విల్ట్ పైపొర తయారవుతుంది. దాని కింద దూది పొర, అడుగున అస్తరు పరిచి మూడింటినీ కలిపి కుట్టడాన్ని క్విల్టింగ్ అంటారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాల్లో క్విల్ట్ కుట్టేవారికి ఎన్నో సంఘాలున్నాయి. ఏ చర్చి హాల్లోనో, గ్రంథాలయం గదిలోనో కలుసుకోవడం, చెయ్యి తిరిగిన సభ్యురాలు ఒకరు మిగతావారికి ఒక్క పూటలో ఒక పాత బ్లాక్ నేర్పడం వీటి పరిపాటి. ఈ తరగతులంటే కొంతమందికి చిన్నచూపు. అమ్మమ్మ పక్కన కూర్చుని ఏళ్ల తరబడి అబ్బించుకున్న విద్యే సంప్రదాయమని, రుసుము కట్టి మూడు నాలుగు గంటల్లో నేర్చుకునేది కాలక్షేపమని వారి ఉద్దేశం. ఈ విభజనను చరిత్ర బలపరచదు. సంప్రదాయ బ్లాకుల్లో చాలావాటి నిర్మాణమే ఒకరు మరొకరికి, తరచు ముక్కూమొహం తెలియని వారికి, తక్కువ వ్యవధిలో నేర్పడానికి అనువుగా ఉంది. అవి ఇంతకాలం నిలవడానికి అదొక ప్రధాన కారణం. సంఘం తరగతిని ఆ సంప్రదాయం నడిచిన పాత దారుల్లో ఒకటిగా చూడాలి. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి లాగ్ క్యాబిన్ బ్లాక్ మంచి పరీక్ష. అది బాగా ప్రసిద్ధమైనది, చూడటానికి అతి తేలిక, కుట్టడంలో మాత్రం అంత తేలిక కాదు.

లాగ్ క్యాబిన్ అంటే దుంగలు పేర్చి కట్టిన ఇల్లు. బ్లాక్ కూడా అలాగే పెరుగుతుంది. నడుమ ఒక చిన్న చదరం, దాని చుట్టూ ఒకదాని తర్వాత ఒకటిగా పట్టీలు. పక్కపక్కనున్న రెండు వైపుల లేత రంగు పట్టీలు, మిగతా రెండు వైపుల ముదురు రంగు పట్టీలు వస్తాయి కనుక పూర్తయిన చదరం మూల నుంచి మూలకు సగం వెలుగు, సగం చీకటిగా చీలి కనిపిస్తుంది. తరగతుల్లో ఎక్కువగా వాడే కొలతల్లో ఒకటి చూద్దాం. నడిమి చదరం రెండున్నర అంగుళాలకు కత్తిరిస్తారు, పట్టీల వెడల్పు ఒకటిన్నర అంగుళం. ప్రతి కుట్టులోకీ రెండు పక్కలా పావు అంగుళం చొప్పున బట్ట పోతుంది కాబట్టి కుట్టాక నడిమి చదరం 2 అంగుళాలు, పట్టీ 1 అంగుళం తేలుతుంది. నాలుగు చుట్లు తిరిగితే 16 పట్టీలు, నడిమి ముక్కతో కలిపి 17 ముక్కలు. పూర్తయిన బ్లాక్ పదిన్నర అంగుళాలు, పక్క బ్లాకుతో కలిపి కుట్టాక 10 అంగుళాలు. లేత పట్టీలతో మొదలుపెట్టి ఈ కొలతలతో కుడితే పైకి కనిపించే 100 చదరపు అంగుళాల్లో నడిమి ముక్కకు 4, లేత రంగుకు 44, ముదురు రంగుకు 52 దక్కుతాయి. ముదురు పట్టీలు ప్రతి చుట్టులోనూ బయటికి ఉండటమే ఈ తేడాకు కారణం. సగం సగం అనిపించే బొమ్మ నిజానికి సగం సగం కాదు. వెలుగు ఎక్కువ కావాలనుకుంటే ముదురుతో మొదలుపెట్టాలి. ఇంత చిన్న విషయం చాలా పుస్తకాల్లో విడిగా చెప్పరు, బల్ల మీద రెండు రకాలూ పక్కపక్కన పెడితే మాత్రం వెంటనే కంటికి ఆనుతుంది.

బొమ్మ చూసి ఎవరైనా కుట్టగలిగేలా ఉన్న ఈ బ్లాకుకు తరగతి ఎందుకన్నది సహజమైన ప్రశ్న. చుక్కల లెక్క తెలిసినంత మాత్రాన ముగ్గు కుదరనట్టే ఇక్కడా కొలతల పట్టిక ఒక్కటే చాలదు. పావు అంగుళం మార్జిన్ అన్న మాటనే తీసుకోండి. సరిగ్గా పావు అంగుళం దగ్గర కుడితే పట్టీ 1 అంగుళం కంటే కాస్త తక్కువ తేలుతుంది, ఎందుకంటే కుట్టు దగ్గర బట్ట మడత తిరిగినప్పుడు ఒకటి రెండు పోగుల మందం అందులో కలిసిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవారు పావు అంగుళానికి ఒక పోగు తక్కువగా మార్జిన్ వదిలి కుట్టమంటారు. అది కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేయిస్తారు. ఒకటిన్నర అంగుళం పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీని కొలవాలి. అది సరిగ్గా 1 అంగుళం ఉంటే మిషను కుదిరినట్టు. తక్కువైతే సూదిని జరపాలి, లేదా మిషను పాదం పక్కన టేపు ముక్క అతికించి గుర్తు పెట్టుకోవాలి. ఈ పట్టింపు చాదస్తం కాదు. ఒక్కో కుట్టు అంగుళంలో 16వ వంతు లోపలికి జరిగిందనుకుందాం. కుట్టుకు రెండు పక్కలా బట్ట తగ్గుతుంది కాబట్టి నష్టం అంగుళంలో 8వ వంతు. బ్లాక్ ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు 8 కుట్లు ఉన్నాయి. అంటే మొత్తం నష్టం పూర్తిగా ఒక అంగుళం. పదిన్నర ఉండాల్సిన బ్లాక్ తొమ్మిదిన్నరకు దిగిపోతుంది. ఒక్కో కుట్టు దగ్గర కంటికి కనిపించని తప్పు చివరికి పక్క బ్లాకుతో కలవనంత పెద్దదవుతుంది. మూడేసి చదరాల మూడు వరసలతో కుట్టే నైన్ ప్యాచ్ వంటి బ్లాకులో ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు రెండే కుట్లు కాబట్టి ఇదే తప్పు అక్కడ పావు అంగుళంతో ముగుస్తుంది. లాగ్ క్యాబిన్‌లో కలపాల్సిన కొనలు లేవు, ఏటవాలు కత్తిరింపులు లేవు, అన్నీ తిన్నని కుట్లే. అందుకని దీన్ని మొదటి పాఠంగా పెడతారు. ఆ తిన్నని కుట్లే ఎనిమిది వచ్చి పడటం వల్ల అది కుట్టే చేతిని నిక్కచ్చిగా పరీక్షిస్తుంది కూడా.

ఇస్త్రీ మరో విషయం. బట్టలు ఇస్త్రీ చేసే అలవాటుతో పెట్టెను పట్టీ మీద ముందుకూ వెనక్కూ జరిపితే పేక దిశలో కత్తిరించిన పట్టీ సాగి అంచు విల్లులా వంగుతుంది. క్విల్ట్ పనిలో పెట్టెను నొక్కి, ఎత్తి, పక్కన మళ్లీ నొక్కాలి. కుట్టు మార్జిన్‌ను కొత్త పట్టీ వైపుకు, అంటే బయటికి తిప్పాలి. పడుగు దిశలో కత్తిరించిన పట్టీ తక్కువ సాగుతుందని బట్టతో పనిచేసేవారికి తెలుసు, కానీ ఎంత తక్కువో చేత్తో లాగి చూస్తేనే బోధపడుతుంది. ఇంకొకటి, ఏ పట్టీ తర్వాత ఏ వైపు కుట్టాలో తికమక పడటం కొత్తవారికి మామూలు. దీనికి నోటి మాటగా చెప్పుకునే సూత్రం ఒకటుంది: ఏ అంచు వెంట రెండు కుట్లు కనిపిస్తాయో ఆ అంచుకే తర్వాతి పట్టీ. మొదటి చుట్టు పూర్తయ్యాక ఈ సూత్రం ఎప్పుడూ తప్పదు, ఎందుకంటే మిగతా మూడు అంచుల్లో ఒక దాని మీద కుట్టే ఉండదు, తక్కిన రెంటి మీద ఒక్కొక్కటే ఉంటుంది. సూత్రం వినడానికి ఒక క్షణం చాలు. తప్పు వైపు కుట్టిన పట్టీని విప్పేటప్పుడు పక్కవారు అదే తప్పు చేసి నవ్వుతూ ఉండటం వల్ల అది మరింత గట్టిగా గుర్తుండిపోతుంది. సంఘం ఉండటం వల్ల లాభం ఇలాంటి చోట్ల తెలుస్తుంది. తప్పులు పదిమందివి ఒకేసారి బల్ల మీద ఉంటాయి, ఒకరికి వచ్చిన చిక్కు మిగతావారికి పాఠమవుతుంది.

రంగుల ఎంపికలో ఈ లాభం ఇంకా ఎక్కువ. ఈ బ్లాకును నిలబెట్టేది రంగు పేరు కాదు, దాని వెలుగు స్థాయి. మెరూన్ పక్కన పెడితే లేతగా తోచే గులాబీ రంగు, మీగడ రంగు పక్కన ముదురుగా తోస్తుంది. ఒక్కరే ఇంట్లో కూర్చుని తమకు ఇష్టమైన నాలుగైదు బట్టలు తీసుకుంటే అవి చాలాసార్లు మధ్యస్థంగా ఉంటాయి, మూల గీత తేలదు. కళ్లు చికిలించి చూడటం, ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడటం తెలిసిన చిట్కాలే. అయినా ఇరవై మంది బ్లాకులు గోడకు అతికించిన తెల్లటి ఫ్లానెల్ బట్ట మీద వరసగా పెడితే ఏది తేలిందో, ఏది మసకబారిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా లాగ్ క్యాబిన్ అసలు అందం ఒక్క బ్లాకులో ఉండదు, బ్లాకుల అమరికలో ఉంటుంది. అవే బ్లాకులను తిప్పి పేర్చే తీరును బట్టి ఒకదానిలో ఒకటి ఒదిగిన వజ్రాకారాలు వస్తే బార్న్ రైజింగ్ అంటారు, ఏటవాలు చాళ్లు వస్తే స్ట్రెయిట్ ఫర్రో, మెరుపులా వంకర గీతలు వస్తే స్ట్రీక్ ఆఫ్ లైట్నింగ్. లేత పట్టీలను ఎదురెదురు వైపుల కుడితే అది కోర్ట్‌హౌస్ స్టెప్స్ అవుతుంది. మూలలకు అడ్డంగా కూడా పట్టీలు వేస్తూ పోతే పైనాపిల్. ఈ పేర్లలో చాలావరకు పొలం, కొట్టం, ఊరి కోర్టు చుట్టూ తిరిగినవే. ఒక్కరు కుట్టిన ఒక్క బ్లాకుతో ఈ అమరికలేవీ చూపించలేం. తరగతిలో ఒక పూట పని ముగిసేసరికి అందరి బ్లాకులూ కలిపి ఈ అమరికలన్నీ గోడ మీద చూపించవచ్చు.

ఇక చరిత్ర. ముతక నేత కాలం నాటి వలస కుటుంబాలు దారిద్ర్యం వల్ల చిరుగు ముక్కలు అతికి క్విల్టులు కుట్టుకున్నారనే కథ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగా వ్యాపించింది. పరిశోధకులు పాత వస్తువులను, ఇళ్ల ఆస్తుల జాబితాలను చూసి దీన్ని తిరస్కరించారు. అమెరికాలో ముక్కల క్విల్టులు సామాన్యుల ఇళ్లలో విరివిగా కనిపించడం మిల్లు నూలు బట్ట చవకై, అచ్చు పూల గుడ్డలు అందుబాటులోకి వచ్చిన పంతొమ్మిదో శతాబ్దంలోనే. మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ అంచులు ఉండే పాత పద్ధతిని వెనక్కి నెట్టి, ఒకే బ్లాకును పదేపదే పేర్చే పద్ధతి అక్కడ 1840ల నాటికి ప్రధానమైంది. అదే దశాబ్దంలో ఒక్కొక్కరు ఒక్కో బ్లాకు కుట్టి సంతకం చేసి ఇచ్చే ఆల్బమ్ క్విల్టుల మోజు కూడా సాగింది. బాల్టిమోర్ ఆల్బమ్ క్విల్టులు వాటిలో ప్రసిద్ధం. ఈ రెండూ ఒకే సమయంలో రావడం యాదృచ్ఛికం కాదనుకోవడానికి ఆధారముంది. పనిని పంచుకోవాలంటే అది విడి భాగాలుగా ఉండాలి, ఆ భాగాల కొలత ముందే అందరికీ తెలియాలి. లాగ్ క్యాబిన్ ఇంకొంచెం ఆలస్యంగా, 1860ల్లో జనాదరణ పొందింది. దుంగల ఇంట్లో పుట్టిన లింకన్ 1860 అధ్యక్ష ఎన్నికల్లో గెలవడంతో దాని పేరును ముడిపెట్టడం పరిపాటి. దుంగల ఇంటిని ఎన్నికల గుర్తుగా మార్చడం మాత్రం అంతకు 20 ఏళ్ల ముందే, 1840లో విలియం హెన్రీ హారిసన్ ప్రచారంలోనే మొదలైంది. నడిమి ఎర్ర చదరం పొయ్యి, పసుపు చదరం కిటికీలో దీపం అనే వ్యాఖ్యానాలు వినడానికి బాగుంటాయి, కానీ అవి కుట్టినవారు రాసిపెట్టిన మాటలు కావు.

ఆ తొలి లాగ్ క్యాబిన్లు చాలావరకు ఒక అడుగు బట్ట మీద కుట్టినవి. పాత దుప్పటి ముక్కో ముతక గుడ్డో చదరంగా కత్తిరించి, మధ్యలో రంగు ముక్క పెట్టి, పట్టీలను ఒక్కొక్కటే బోర్లించి కుట్టి వెనక్కి తిప్పేవారు. అడుగు బట్ట ఉండటంతో పట్టు, ఉన్ని, నూలు కలిపి వాడినా ముక్కలు సాగేవి కావు. మందం పెరగడం వల్ల పైనుంచి సన్నటి కుట్టుతో క్విల్టింగ్ చేయడం కష్టం, అందుకే చాలావాటిని అక్కడక్కడ దారంతో ముడివేసి వదిలేశారు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో ఇదే కుటుంబానికి చెందిన రూఫ్ ప్యాటర్న్ ఉంది. అక్కడ కత్తెర, కొలబద్ద లేకుండా బట్టను చించి, బొటనవేలు, అరచేయి పొడవులతో కొలిచి, పట్టీల్లో మడతలు వేసి చేత్తో కుట్టడం ఆచారం. ఒకే రూపం పావు అంగుళం లెక్కతోనూ నడుస్తుంది, వేళ్ల కొలతతోనూ నడుస్తుంది. ఎందుకంటే అది ఒక కొలతల పట్టిక మీద ఆధారపడలేదు. నడిమి నుంచి చుట్టూ తిరుగుతూ పెంచుకుపోవాలనే ఒకే ఒక్క నియమం మీద ఆధారపడింది. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన నియమాన్ని ఎవరైనా ఎక్కడికైనా మోసుకుపోగలరు.

బ్లాకులు వ్యాపించిన తీరు చూస్తే అచ్చు పాత్ర మరువరానిది. షడ్భుజాల అతుకుల పని నమూనా 1835లోనే గోడీస్ లేడీస్ బుక్ పత్రికలో వచ్చింది. సెయింట్ లూయిస్‌లోని లేడీస్ ఆర్ట్ కంపెనీ ఆ శతాబ్దం చివరికి వందల బ్లాకుల బొమ్మలతో కేటలాగు వేసి, తపాలా ద్వారా నమూనాలు అమ్మింది. కాన్సస్ సిటీ స్టార్ దినపత్రిక 1928 నుంచి 1961 వరకు వెయ్యికి పైగా నమూనాలు ప్రచురించింది. వాటిలో ఎన్నో పాఠకులు పంపినవే. అంటే ఒక ఊరి ఇల్లాలి చేతిలోని బ్లాక్ పత్రికకెక్కి, ఇంకో రాష్ట్రంలో మరొకరి ఇంటికి చేరి, అక్కడ ఆ తర్వాతి తరానికి మా అమ్మమ్మ బ్లాక్ అయిపోయేది. కాన్సస్‌కు చెందిన క్యారీ హాల్ పత్రికల్లో, కేటలాగుల్లో వచ్చిన నమూనాలను బట్టతో కుట్టి పెట్టుకోవడం మొదలుపెట్టి 800కు పైగా బ్లాకులు పోగుచేశారు. వాటిని చూపిస్తూ ఉపన్యాసాలిచ్చారు, రోజ్ క్రెట్సింగర్‌తో కలిసి 1935లో ఒక పుస్తకం వెలువరించారు. ఆ బ్లాకులు ఇప్పుడు కాన్సస్ విశ్వవిద్యాలయంలోని స్పెన్సర్ మ్యూజియంలో ఉన్నాయి. బార్బరా బ్రాక్‌మన్ 1993లో తెచ్చిన ముక్కల క్విల్ట్ నమూనాల విజ్ఞాన సర్వస్వంలో 4,000కు పైగా నమూనాలున్నాయి. దాన్ని తిరగేస్తే ఒకే బ్లాకుకు రెండు మూడు పేర్లుండటం మామూలని తెలుస్తుంది. చర్న్ డాష్ అని ఒకచోట పిలిచేదే ఇంకోచోట మంకీ రెంచ్, మరోచోట హోల్ ఇన్ ద బార్న్ డోర్. ప్రతి ఊరూ తనదనుకున్న బ్లాకుకు పక్క ఊళ్లో వేరే పేరుంది. ఇంటి గుట్టుగా దాచుకున్న విద్య ఇంత దూరం, ఇన్ని పేర్లతో పాకదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం అలబామాలోని గీస్ బెండ్ నుంచి వస్తుంది. మూడు వైపులా నది చుట్టిన ఆ పల్లెలో బానిసల సంతతి నల్లజాతి మహిళలు తరతరాలుగా తల్లుల దగ్గర, అత్తల దగ్గర క్విల్ట్ కుట్టడం నేర్చుకున్నారు. వారు హౌస్‌టాప్ అని పిలిచే నమూనా లాగ్ క్యాబిన్‌కు దగ్గరి చుట్టమే. నడుమ ముక్క, చుట్టూ పట్టీలు. అయితే వారి పట్టీలు ఒకే వెడల్పులో ఉండవు, అంచులు వంగుతాయి, నడిమి ముక్క నడిమిన ఉండకపోవచ్చు, ఒక్కోసారి క్విల్ట్ మొత్తం ఒకే పెద్ద బ్లాకుగా ఉంటుంది. చాలావాటికి ముడిసరుకు పొలం పనికి వేసుకుని వెలిసిపోయిన డెనిమ్ బట్టలు. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, ఆపైన న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శించాక వాటిని గొప్ప ఆధునిక కళగా కొనియాడారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. తరగతులు లేకుండా, కొలతలు లేకుండా ఇంత ఉన్నతమైన పని పుట్టింది కదా, పావు అంగుళం పాఠం చెప్పే సంఘాలు అలాంటి చేతిని చంపేయవా అని అడుగుతారు. ప్రశ్నలో నిజముంది. ఒకే కొలత, ఒకే కిట్టు, ఒకే రంగుల జాబితాతో నడిచే తరగతి నుంచి ఇరవై ఒకేలాంటి బ్లాకులు రావడం తరచు చూసేదే.

అయినా గీస్ బెండ్ చరిత్రను పూర్తిగా చదివితే ఇంటి విద్య, సంఘం విద్య అంత దూరంగా లేవని అర్థమవుతుంది. పౌర హక్కుల ఉద్యమం రోజుల్లో, 1966లో, ఆ పరిసర ఊళ్ల మహిళలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘాన్ని స్థాపించారు. న్యూయార్క్ దుకాణాల ఆర్డర్ల కోసం అందులో నిర్ణీత నమూనాలను నిర్ణీత కొలతలకు కుట్టాల్సి వచ్చింది. కొందరు అది తమ పద్ధతికి కట్టడి అనుకున్నారు. కానీ కట్టుదిట్టమైన పని అక్కడ చేసిన మహిళల్లో కొందరు ఇంటికి వచ్చి తమకు నచ్చినట్టు కుట్టుకున్నారు. ఆర్డర్ల పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలతో ఇళ్లలో కుట్టిన క్విల్టులు తర్వాత ప్రదర్శనలకెక్కిన వాటిలో ఉన్నాయి. కొలత తెలిసిన చెయ్యి కొలతను వదిలేయలేదనుకోవడం పొరపాటు. ఇంకా చెప్పాలంటే, నియమం స్పష్టంగా ఉన్న బ్లాకులోనే దాన్ని ఎక్కడ తప్పారో కనిపిస్తుంది. హౌస్‌టాప్‌లో పట్టీ వంగిందని గుర్తించగలుగుతున్నామంటే తిన్నగా ఉండాల్సిన పట్టీ రూపం మన మనసులో ఉన్నందుకే. ఇప్పుడు గీస్ బెండ్ మహిళలే బయటివారికి శిక్షణ తరగతులు నడుపుతున్నారు. ఇంటి విద్య అనుకున్నదాన్ని వారే తరగతిగా మార్చి చెబుతున్నారు.

తరగతులపై ఇంకో విమర్శ ఉంది, అది మరింత న్యాయమైనది. కుట్టుతోపాటు తప్పుడు చరిత్రను కూడా ఇవి చేరవేస్తాయి. 1999లో వచ్చిన ఒక పుస్తకం బానిసత్వం నుంచి పారిపోయేవారికి దారి చూపడానికి క్విల్ట్ బ్లాకులను రహస్య సంకేతాలుగా వాడారని చెప్పింది. లాగ్ క్యాబిన్ ఆరుబయట వేలాడదీస్తే అది ఆశ్రయమిచ్చే ఇల్లని గుర్తు, అందుకు నడిమి ముక్క నల్లగా ఉండేదన్న మాట అలా తరగతుల్లోకి, పాఠశాలల్లోకి పాకింది. చరిత్రకారులు దీన్ని అంగీకరించలేదు. పారిపోయి స్వేచ్ఛ పొందినవారు చెప్పుకున్న కథనాల్లో దీని ఊసే లేదు. లాగ్ క్యాబిన్ వ్యాపించింది దాదాపుగా బానిసత్వం రద్దయిన కాలంలోనే. ఇంత సరళమైన ఆధారం ఉన్నా కథ ఆగలేదు, ఎందుకంటే కథ చెప్పడం తేలిక, ఆధారం చెప్పడం విసుగు. తరగతి నడిపేవారు కుట్టు విషయంలో చూపే పట్టింపు కథ విషయంలో కూడా చూపాలని అడగడం అన్యాయం కాదు. మరోవైపు, క్విల్టుల మీద గట్టి సమాచారం పోగైనదీ సంఘాల వల్లే. 1981లో మొదలైన కెంటకీ క్విల్ట్ ప్రాజెక్టు దారిలో అనేక రాష్ట్రాల్లో క్విల్ట్ దినాలు పెట్టి, ఇళ్లలోని పాత క్విల్టులు తెప్పించి, కొలిచి, ఫొటో తీసి నమోదు చేశారు. అందులో స్థానిక సంఘాల స్వచ్ఛంద శ్రమ చాలా ఉంది. ఎన్ని క్విల్టులకు వెనక పేరు గాని తేదీ గాని లేదో అప్పుడే బయటపడింది. ఇవాళ చాలా తరగతులు బ్లాకుతోపాటు వెనక చీటీ కుట్టమని చెప్పడానికి అదొక కారణం.

పరికరాల మాటకొస్తే, వేగం సంప్రదాయానికి శత్రువన్న వాదన ఉంది. 1978లో ఎలినార్ బర్న్స్ లాగ్ క్యాబిన్ క్విల్టును ఒక్క రోజులో కుట్టే పద్ధతిని పుస్తకంగా వేశారు. మరుసటి ఏడాది జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ గుండ్రటి బ్లేడున్న రోటరీ కట్టర్‌ను తెచ్చింది. కత్తెరతో ముక్క ముక్కనూ గీసి కత్తిరించే చోట, మందపు స్కేలు ఆన్చి నాలుగు పొరల బట్టను ఒక్క గీతలో కోయడం సాధ్యమైంది. పాత తరం వారికి ఇది దొడ్డిదారిగా తోచింది. కానీ లాగ్ క్యాబిన్ యంత్రాలకు ఎన్నడూ దూరంగా లేదు. అది ప్రచారంలోకి వచ్చిన 1860లు, 70లే కుట్టుమిషను ఇళ్లలోకి అడుగుపెట్టిన కాలం. ఆనాటి లాగ్ క్యాబిన్లలో మిషను కుట్లున్నవి ఉన్నాయి. బర్న్స్ పద్ధతి చేసిన మార్పు వేగం ఒక్కటే కాదు. అన్ని బ్లాకులకూ మొదటి పట్టీ ఒకేసారి, తర్వాత అన్నిటికీ రెండో పట్టీ ఒకేసారి గొలుసులా కుట్టుకుపోయే తీరు బ్లాకును మళ్లీ ఒక పూటలో చెప్పగల పాఠంగా చేసింది. 1970ల చివర్లో, అమెరికా ద్విశతాబ్ది ఉత్సవాల తర్వాత, క్విల్ట్ సంఘాలు పెద్ద ఎత్తున పుట్టుకొచ్చిన సమయానికే ఇది జరిగింది. బ్రిటిష్ దీవుల క్విల్టర్స్ గిల్డ్ స్థాపన కూడా 1979లోనే. బ్రిటన్లో అయితే తరగతుల చరిత్ర ఇంకా పాతది. బొగ్గు గనులు కుదేలైన సౌత్ వేల్స్, డరం ప్రాంతాల్లో స్త్రీలకు ఆదాయం కోసం రూరల్ ఇండస్ట్రీస్ బ్యూరో 1928లో క్విల్టింగ్‌ను ప్రోత్సహించి, తగ్గిపోతున్న ఆ పనికి తరగతులు పెట్టించింది. అక్కడి సంప్రదాయం ముక్కలు అతికేది కాదు, ఒకే గుడ్డ మీద సన్నని కుట్లతో బొమ్మలు తేల్చేది. అయినా ఇంట్లో సన్నగిల్లిన విద్యను నిలబెట్టడానికి తరగతి అక్కడా అక్కరకొచ్చింది.

బ్లాక్ లేని అతుకుల సంప్రదాయాలతో పోల్చినప్పుడు ఈ వాదన హద్దులు కూడా తెలుస్తాయి. తెలుగు ఇళ్లలో పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి పొడవాటి పరుగు కుట్టుతో కుట్టే బొంతలో విడి చదరాలు ఉండనక్కర్లేదు. ఎక్కడ చిరిగితే అక్కడ ముక్క పడుతుంది. నైపుణ్యమంతా పొరలు ముడత పడకుండా పరచడంలో, కుట్టు వరసలు ఒకే దూరంలో నడపడంలో ఉంది. అది పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది, కాగితం మీద గీసి ఇంకో ఊరికి పంపడానికి అందులో ఏమీ లేదు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ మహిళల కవండి ఇంకా ఆసక్తికరం. ఆఫ్రికా మూలాలున్న ఈ సముదాయం వారు అడుగు చీర మీద ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచుల వెంట ముక్కలు అతుకుతూ చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. అతకడం, పొరలు కలిపి కుట్టడం రెండూ ఒకే కుట్టులో అయిపోతాయి. చివర నాలుగు మూలలా త్రికోణపు మడతల పువ్వులు పెట్టనిదే అది పూర్తయినట్టు కాదు. లాగ్ క్యాబిన్ నడిమి నుంచి బయటికి నడిస్తే కవండి బయటి నుంచి నడిమికి నడుస్తుంది. మొదటిదాన్ని ఎక్కడైనా ఆపి చదరంగా చేతికివ్వవచ్చు, రెండోది నడిమికి చేరేదాకా ఒకే వస్తువు. అందుకే పూర్తి కొలత కవండిని మొదటి నుంచి చివరిదాకా కుట్టి చూపడానికి పూట తరగతి సరిపోదు. అంతమాత్రాన బొంత, కవండి తక్కువ సంప్రదాయాలు కావు. వాటి విద్య ప్రయాణించే తీరు వేరు, అవి ఒకచోట బలహీనపడితే మరోచోట నుంచి తెచ్చుకోవడం అంత కష్టం.

సంఘంలో నేర్చుకున్న బ్లాకులు తర్వాత ఏమవుతాయన్నది చివరి విషయం. చాలా చోట్ల వాటిని ఇచ్చిపుచ్చుకుంటారు, లేదా కలిపి ఒకే క్విల్టుగా కుట్టి ఆసుపత్రికో, ఇల్లు కాలిపోయిన కుటుంబానికో ఇస్తారు. అప్పుడు కొలతల తేడా మళ్లీ తలెత్తుతుంది. ఒకరిది పదిన్నర అంగుళాల పైచిలుకు, ఒకరిది పదిన్నర కంటే తక్కువ, ఇంకొకరిది కాస్త వంకర. దీనికి రెండు పద్ధతులున్నాయి. అన్నిటికంటే చిన్న బ్లాకు కొలతకు మిగతావాటి చివరి పట్టీలను కోసేయడం ఒకటి. చివరి పట్టీ సన్నబడినా మామూలు చూపుకు తెలియదు, కానీ పక్కపక్క బ్లాకుల పట్టీలు కలిసే చోట వెడల్పు తేడా కనిపిస్తుంది. చిన్నవాటికి ఇంకో చుట్టు సన్న పట్టీ కుట్టి, ఆపైన అందరివీ ఒకే కొలతకు కోయడం రెండోది. ఇందులో బట్ట ఎక్కువ పడుతుంది, పని ఎక్కువవుతుంది, కానీ ఎవరి బ్లాకు చివరి పట్టీ కూడా పోదు. చాలా సంఘాలు మొదటిదాన్ని ఎంచుకుంటాయి. రెండోదాన్ని పట్టుబట్టేవారు ఉన్నారు. లాగ్ క్యాబిన్‌కు చివరి చుట్టు అంటూ నిర్మాణరీత్యా ఏదీ లేదు కాబట్టి వారి వైపు న్యాయం కాస్త ఎక్కువే ఉంది.